నూనె తీసిన పిప్పిలో నిప్పు



గానుగలో నువ్వులు ఆడిస్తే నూనె ఒకవైపు, తెలకపిండి ఒకవైపు వస్తాయని మీకు నేను చెప్పనక్కరలేదు. నూనె సీసాలోకి పోతుంది. మరి తెలకపిండో? దాన్ని తెలిసి పారబోసే ఇల్లాలు ఉండదు. పాడిపశువుకు దాణాగా పెడతాము, మునగాకు వేసి కూర వండుతాము, బాలింతలకు మంచిదని పెడతాము. నూనె తీసినంత మాత్రాన గింజలోని సారమంతా పోలేదని మన పెద్దలకు బాగా తెలుసు. ఈనాడు నేను చెప్పబోయేది కూడా ఒక రకం తెలకపిండి కథే. కాకపోతే ఈ పంట పొలంలో పండదు, నీళ్లలో పండుతుంది. దాని పేరు పాచి.

పాచి అనగానే ముఖం చిట్లించకండి. సుల్తాన్ బజారు పాత ఇళ్ల డాబాల మీద నీళ్ల తొట్టికి మూత సరిగా లేకపోతే నాలుగు రోజుల్లో గోడలకు పచ్చగా, జారుడుగా పడుతుందే, అదే పాచి. ఎండాకాలంలో హుస్సేన్ సాగర్ నీళ్లకు ఆకుపచ్చ రంగు తెచ్చేదీ దాని బంధువులే. కంటికి ఒకటొకటిగా కనిపించనంత చిన్న మొక్కలవి. వేరు లేదు, కాండం లేదు, ఆకు లేదు. అయినా ఆకు చేసే పని అంతా చేస్తాయి. ఎండనూ, గాలిలోని బొగ్గుపులుసు వాయువునూ తీసుకుని తమ ఒంటికి కావలసిన తిండి తామే వండుకుంటాయి. కొన్ని రకాలు ఆ తిండిలో కొంత భాగాన్ని నూనె రూపంలో దాచుకుంటాయి. ఎండబెట్టి తూస్తే బరువులో నూటికి 20 మొదలు 50 పాళ్ల దాకా నూనె ఉండే రకాలున్నాయి.

ఈ నూనెను డీజిలుగా మార్చి బండ్లు నడపవచ్చునన్నది శాస్త్రజ్ఞుల ఆశ. పెట్రోలు కరువు చూసిన అమెరికా 1978లో ఇందుకోసం ఒక పెద్ద పరిశోధన మొదలుపెట్టి 1996 వరకూ నడిపింది. మన ఊళ్లో తార్నాకలోని ఐ.ఐ.సి.టి., అదే మన పెద్దలు ఆర్.ఆర్.ఎల్. అని పిలిచిన సంస్థ, ఈ పని మీద చాలా కృషి చేసింది. చెరువుల్లో, కుంటల్లో తనంతట తాను పెరిగే కలగలుపు పాచి నుంచి బయోడీజిలు తీయవచ్చునా, ఆ పాచి పెరుగుతూ పెరుగుతూ మురికినీటిని కూడా శుభ్రం చేస్తుందా అన్నది అక్కడి శాస్త్రజ్ఞులు పరిశీలించి 2011లో ఫలితాలు ప్రకటించారు.

చెరువు నిండా పాచి ఉంది, పాచి నిండా నూనె ఉంది, ఇంకేమి కావాలి అంటారా? ఇక్కడే ఇంటి లెక్కలు రాసే మన బుద్ధి పనికి వస్తుంది.

మొదట ఖర్చు చూద్దాం. పాచి పెంచే మడుగులో లీటరు నీటికి అర గ్రాము, మహా అయితే గ్రాము ఎండు పాచి ఉంటుంది. అంటే కిలో పాచి కోసం వెయ్యి నుంచి రెండు వేల లీటర్ల నీళ్లు వడకట్టాలి. వడకట్టినది తడి ముద్ద. దాన్ని ఎండబెట్టాలి, గుల్ల పగలగొట్టాలి, నూనె పిండాలి. నీళ్లు కలియబెట్టడానికి కరెంటు, వడకట్టడానికి కరెంటు, ఎండబెట్టడానికి వేడి. ఇవి చాలవన్నట్టు పాచికి ఎరువు కూడా వేయాలి.

ఇక రాబడి చూద్దాం. పిల్లల ఆహారం గురించి డాక్టర్లు చెప్పే లెక్క మీకు గుర్తుండే ఉంటుంది. గ్రాము కొవ్వులో 9 కేలరీలు, గ్రాము మాంసకృత్తుల్లోనో పిండిపదార్థంలోనో 4 కేలరీలు. పాచికీ అదే లెక్క వేసి చూడండి. 100 గ్రాముల ఎండు పాచిలో నూనె 30 గ్రాములనుకుందాం. దాని విలువ 270 కేలరీలు. మిగిలిన 70 గ్రాముల పిప్పిలో 10 గ్రాములు బూడిదకు పోయినా 60 గ్రాముల మాంసకృత్తులు, పిండిపదార్థాలు ఉంటాయి. దాని విలువ 240 కేలరీలు. చూశారా! నూనె అంతా పిండేశామని చేతులు దులుపుకునే సమయానికి రూపాయిలో ఎనిమిదణాలకు కాస్త తక్కువ ఆ పిప్పిలోనే కూర్చుని ఉంది. ఆ పిప్పిని పారబోస్తే ఖర్చు రాబడిని మింగేస్తుంది. ఎనిమిదణాలు రాబట్టుకుంటే సంసారం నిలబడే ఆశ ఉంది.

అయితే ఆ శక్తిని రాబట్టడం ఎలా? ఎండబెట్టి పొయ్యిలో పెడదామంటే ఎండబెట్టడానికే సగం తగలేయాలి. తడి ముద్దను తడిగానే తీసుకుని పని చేసే పొయ్యి ఒకటి కావాలి. అటువంటి పొయ్యి మన దేశానికి కొత్త కాదు. గోబర్ గ్యాసు ప్లాంటు మీరు పల్లెల్లో చూసే ఉంటారు. 1981 తరువాత ప్రభుత్వం దేశమంతటా వాటిని పెట్టించే పథకం నడిపింది. పేడ నీళ్లు గాలి చొరని తొట్టిలో పోస్తే కొన్నాళ్లకు మండే గ్యాసు వస్తుంది. పేడ స్థానంలో పాచి పిప్పి వేయండి, పని అదే.

లోపల ఏం జరుగుతుందో చెబుతాను. గాలి చొరని చోట బతికే సూక్ష్మజీవులు కొన్ని ఉన్నాయి. చెరువు అడుగు బురదలో, ఆవు కడుపులో అవే ఉంటాయి. 1776లో వోల్టా అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు చెరువు బురదను కర్రతో కదిపి, పైకి వచ్చిన బుడగలను పట్టి చూస్తే అవి మండాయి. ఆ బుడగల్లో ఉన్నదే మీథేను. గ్యాసు తొట్టిలో ఈ సూక్ష్మజీవులు ఉమ్మడి కుటుంబంలా పని పంచుకుంటాయి. మొదటి జట్టు పెద్ద పెద్ద పదార్థాలను చిన్న ముక్కలుగా విరగగొడుతుంది. రెండో జట్టు వాటిని పులియబెట్టి పులుపుగా మారుస్తుంది, మన ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి పులిసినట్టే. మూడో జట్టు ఆ పులుపులను విరిచి వెనిగరులో ఉండే ఆమ్లంగా, హైడ్రోజనుగా చేస్తుంది. చివరి జట్టు వాటిని తిని మీథేను వదులుతుంది. బయటికి వచ్చే గ్యాసులో మీథేను నూటికి 55 నుంచి 65 పాళ్లు ఉంటుంది. మిగిలినది చాలా వరకు బొగ్గుపులుసు వాయువు.

ఈ చివరి జట్టువాళ్లు మహా సుకుమారులు. మెల్లగా పెరుగుతారు. పులుపు ఎక్కువైతే పని మానేస్తారు. చలికి ముడుచుకుంటారు, 35 డిగ్రీల చుట్టుపట్ల వేడి వాళ్లకు హాయి. ఆకలికి మించి తిండి పెడితే చంటిపిల్లకు చేసినట్టే తొట్టికీ అజీర్తి చేస్తుంది. తొట్టిని కడుపుగా భావించి చూసుకునేవారే దాన్ని నడపగలరు.

పాచిని ఇలా గ్యాసు చేయవచ్చునన్న సంగతి 1957లోనే అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గోలూకె, ఆస్వాల్డ్ అనేవారు తమ సహచరుడితో కలిసి ప్రయోగం చేసి చూపారు. నూనె తీసిన పిప్పి మీద పరిశోధనలు ఆ తరువాత చాలా జరిగాయి. రకాన్ని బట్టి, తీసిన పద్ధతిని బట్టి హెచ్చుతగ్గులున్నా, కిలో ఎండు పిప్పికి పావు ఘనపు మీటరు చుట్టుపట్ల మీథేను వస్తుందనుకోవచ్చు. అది మన వంటగ్యాసు 200 గ్రాములతో సమానం. ఈ లెక్కన 100 కిలోల ఎండు పాచిలో 30 కిలోల నూనె తీసుకున్న తరువాత కూడా మిగిలిన 70 కిలోల పిప్పి నుంచి సుమారు 14 కిలోలు, అంటే ఇంచుమించు మన ఇంటి సిలిండరు ఒకటి నిండేంత శక్తి వస్తుందన్నమాట.

ఇంకో మాట. 2009లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ముగ్గురు ఈ లెక్కలన్నీ కట్టి, నూనె నూటికి 40 పాళ్లకు మించని పాచి అయితే నూనె పిండే శ్రమ మానేసి మొత్తంగా గ్యాసు తొట్టిలో వేయడమే శక్తి విషయంలో లాభమని తేల్చారు. మన ఉదాహరణలో నూనె 30 పాళ్లే గదా! పిప్పి అని మనం చిన్నచూపు చూసినది అసలు సరుకు కన్న తక్కువేమీ కాదన్నమాట.

ఇంత సులువైతే దేశమంతా పాచి మడుగులే ఉండాలి గదా అని మీరు అడగవచ్చు. చిక్కులున్నాయి. అవి కూడా మన వంటింటి భాషలోనే చెప్పవచ్చు.

మొదటిది, గుల్ల గట్టిది. కొన్ని రకాల పాచికి పైపొర దళసరి. నానబెట్టని శనగలు తింటే అరగనట్టు, ఆ పాచి తొట్టిలో అరగక అలాగే బయటికి వస్తుంది. వేడి చేసో, నలగగొట్టో వేయాలి. నూనె తీసిన పిప్పికి ఇక్కడ ఒక మేలుంది. నూనె కోసం గుల్ల ముందే పగిలి ఉంటుంది కాబట్టి సూక్ష్మజీవులకు పని తేలిక.

రెండోది, నూనె తీసే మందు. నూనెను కరిగించడానికి కొన్ని ద్రావకాలు వాడతారు. వాటిలో క్లోరోఫారం వంటిది పిప్పిలో మిగిలిపోతే మీథేను చేసే జీవులు పని మానుకుంటాయి.

మూడోది, ఉప్పు. సముద్రపు పాచి అయితే పిప్పిలో ఉప్పు ఉంటుంది. ఆవకాయలో ఉప్పు సరిగా పడితే ఏడాది పాటు చెడదు. ఎందువల్ల? ఉప్పులో సూక్ష్మజీవులు బతకలేవు. అక్కడ మనకు వరమైనది తొట్టికి శాపం.

నాలుగోది అన్నిటికన్న ముఖ్యమైనది. పాచిలో మాంసకృత్తులు చాలా ఎక్కువ. పిల్లలకు మంచిదే గాని, గ్యాసు తొట్టికి ఉత్త పప్పే పెట్టి అన్నం పెట్టనట్టు అవుతుంది. మాంసకృత్తులు విరిగితే అమ్మోనియా పుడుతుంది, ఘాటైన వాసన వస్తుందే, అది. అది పెరిగితే సూక్ష్మజీవులకు విషం. శాస్త్రజ్ఞుల భాషలో చెప్పాలంటే తొట్టికి వేసే తిండిలో ఒక పాలు నత్రజనికి 20 నుంచి 30 పాళ్లు కర్బనం ఉండాలి. పాచిలో 10 పాళ్లు కూడా ఉండదు.

దీనికి మందు మనం రోజూ చేసే పనే. పప్పులోకి అన్నం కలపడం. కర్బనం ఎక్కువగా ఉన్న తిండి మరొకటి చేర్చాలి. 2007లో యెన్, బ్రూన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పాచి ముద్దలో చెత్త కాగితం సగానికి సగం కలిపి చూశారు. ఉత్త పాచికి వచ్చే మీథేను రెట్టింపు అయింది! సుల్తాన్ బజారు చీరల కొట్ల ముందు రాత్రిపూట గుట్టలు పడే అట్టపెట్టెలూ, కోఠీ పేవ్‌మెంటు మీద అమ్ముడుపోక చిరిగిన పుస్తకాలూ తలచుకోండి. ఆ కాగితం పాచికి మంచి జోడీ అన్నమాట. అలాగే నూనెను డీజిలు చేసేటప్పుడు పది కిలోల నూనెకు ఒక కిలో చొప్పున గ్లిసరిను పక్కన పడుతుంది. నోటిపూతకూ, పెదాల పగుళ్లకూ మనం రాసుకునే గ్లిసరినే. దాన్నీ తొట్టిలో కలిపితే గ్యాసు పెరుగుతుంది.

గ్యాసు వచ్చిన తరువాత కూడా కథ అయిపోలేదు. తొట్టిలోంచి బయటికి వచ్చే నీళ్లలో పాచి తిన్న ఎరువంతా, నత్రజనీ భాస్వరమూ, అలాగే ఉంటుంది. ఆ నీళ్లను తిరిగి మడుగులోకి వదిలితే కొత్త పాచి దాన్ని తిని పెరుగుతుంది. గ్యాసులోని బొగ్గుపులుసు వాయువును కూడా మడుగు నీళ్లలోకి పంపితే పాచి దాన్నీ పీల్చుకుంటుంది, మిగిలిన గ్యాసు ఇంకా బాగా మండుతుంది. బియ్యం కడిగిన నీళ్లు కుడితిలోకి, కుడితి ఆవుకు, ఆవు పేడ పెరటి పాదులకు అన్న మన అమ్మమ్మల పొదుపే ఇది. ఎక్కడా పారబోసేది లేదు.

ఉన్న మాట చెప్పుకోవాలి. పాచి డీజిలు ఇంతవరకూ బంకుల్లో పెట్రోలుతో ధర విషయంలో పోటీ పడలేదు. ఎక్సాన్ మొబిల్ అనే అమెరికా చమురు కంపెనీ 2009లో గొప్పగా ప్రకటించి ఈ రంగంలోకి దిగింది, 2023 నాటికి తప్పుకున్నది. ఉత్త నూనెను నమ్ముకుంటే సంసారం గడవదని అందరికీ అర్థమైంది. మురికినీటి శుద్ధి, ఎరువు, గ్యాసు, నూనె, అన్నీ కలిసి వస్తేనే పాచికి భవిష్యత్తు. అందులో ఈనాడు అనుభవంలో నిలబడి ఉన్న భాగం గ్యాసు తొట్టి. దాన్ని చూడడానికి అమెరికా వెళ్లనక్కరలేదు, మన బోయిన్‌పల్లి చాలు.

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టులో అమ్ముడుపోని, కుళ్లిన కూరలు రోజుకు సుమారు 10 టన్నులు పడేవి. ఐ.ఐ.సి.టి.లో డాక్టర్ ఎ. గంగాగ్ని రావు గారి బృందం రూపొందించిన గాలి చొరని తొట్టి పద్ధతిలో అక్కడ ఒక ప్లాంటు కట్టారు. 2021 జనవరి 31న ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగంలో దీన్ని పేరుపెట్టి చెప్పారు. అప్పటి లెక్క ప్రకారం ఆ 10 టన్నుల చెత్త నుంచి రోజుకు సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంట ఇంధనం వచ్చాయి. కరెంటుతో మార్కెట్టులో దీపాలు వెలిగాయి, గ్యాసు అక్కడి వంటశాలకు పోయింది. కుళ్లిన టమాటాలతో టీ కాచుకున్నట్టే గదా!

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఆ లెక్కను చిన్నది చేసి చూడండి. 10 టన్నులకు 500 యూనిట్లంటే 20 కిలోలకు ఒక యూనిట్. మీ ఇంట్లో కూరల తొక్కలు, మిగిలిన అన్నం, టీ పిప్పి అన్నీ కలిసి రోజుకు ఒక కిలో అనుకుందాం. మీ మేడలో, పక్క సందులో కలిపి 20 ఇళ్లుంటే రోజుకు ఒక యూనిట్. 10 వాట్ల దీపం 100 గంటలు వెలిగించే కరెంటు మీ సందులోనే పుడుతోంది, మీ సందులోంచే పోతోంది. దానికి బడీచౌడీ కూరల అంగళ్ల చెత్త, చాట్ బండ్ల చెత్త, పండ్ల బండ్ల చెత్త చేర్చుకోండి.

అది తొట్టికి చేరకపోతే ఏమవుతుంది? జవహర్‌నగర్ గుట్టలోకి పోతుంది. అక్కడ ప్లాస్టిక్ సంచీల కింద గాలి తగలక అదే సూక్ష్మజీవులు అదే మీథేను తయారుచేస్తాయి. తేడా ఏమిటంటే పట్టుకోకపోతే అది పొయ్యిలోకి రాదు, ఆకాశంలోకి పోతుంది. నూరేళ్ల లెక్కన బరువుకు బరువు చూస్తే మీథేను బొగ్గుపులుసు వాయువు కన్న సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. ఒకే చెత్త. పట్టుకుంటే నిప్పు, వదిలేస్తే ముప్పు.

2015లో మన నగరంలో ఇంటింటికీ ఆకుపచ్చ డబ్బా, నీలం డబ్బా పంచారు. 2016లో వచ్చిన నిబంధనలు కూడా తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త ఇంటి దగ్గరే వేరుచేయాలన్నాయి. చాలా ఇళ్లలో ఆ డబ్బాలు బియ్యానికో, నీళ్లకో పనికి వచ్చాయన్నది మనకు తెలియనిది కాదు. ఎందుకు వేరుచేయాలో ఎవరూ విడమరచి చెప్పకపోతే ఎవరు మాత్రం చేస్తారు? ఇప్పుడు చెప్పాను గదా. తొట్టి అంటే కడుపు. మీ పిల్లవాడి అన్నంలో ప్లాస్టిక్ కవరు ముక్క కలపరు. ఫినాయిలు కలపరు. పాత బ్యాటరీ కలపరు. తడి చెత్త డబ్బాలో కూడా కలపకండి. కొబ్బరి చిప్ప, మామిడి టెంక వంటి గట్టివి అందులో వేయకండి, అవి అరగవు. కవరులో పెట్టి ముడివేసి వేయకండి, ఆ ముడి విప్పేది మరొకరి చేయి. పాత కాగితాలు, అట్టలు తడవకుండా పొడి డబ్బాలోనే ఉంచండి, వాటికి వేరే విలువ ఉంది.

పాచి నుంచి డీజిలు ఎప్పుడు బంకుకు వస్తుందో తేల్చవలసినవారు శాస్త్రజ్ఞులు. పెద్ద ప్లాంట్లు కట్టవలసినవారు ప్రభుత్వంవారు. కాని తొట్టిలోకి పోయే ముద్ద మంచిదా చెడ్డదా అన్నది తేలేది మీ వంటింటి గట్టు మీదనే. తెలకపిండిని పారేయని చేతికి ఇది కొత్త విద్య కాదు. ఇరుగు అక్కయ్యగారికీ, పొరుగు పిన్నిగారికీ ఒక్క మాట చెప్పి, ఇరవై ఇళ్లూ కలిసి రేపటి నుంచి మొదలుపెట్టి చూడండి.